మూత్రాశయ కండరం, హార్మోన్లు, అయాన్ మార్గాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో చాలావాటిని నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో, వైద్య శిబిరాల దగ్గర, బస్సులో పక్క సీటువారు, పెళ్లి పందిట్లో బంధువులు నన్ను అడిగారు. నేను వైద్యం చేసేవాణ్ని కాను, వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధించినవాణ్ని. అందుచేత ఇక్కడ మందు చీటీ దొరకదు. ఒంటికి పోవడమనే నిత్యకృత్యం వెనుక కండరం, నాడి, హార్మోను ఎలా కలిసి పనిచేస్తాయో మాత్రం వీలైనంత వివరంగా చెప్పాను. ఈ విషయం మాట్లాడటానికి మనవాళ్లు సిగ్గుపడతారు గనుక అడిగినవారి మాటలను కొంచెం మర్యాదగా మార్చి రాశాను.

ప్రశ్న: మూత్రాశయం ఒక సంచి మాత్రమే కదా, దానికి కండరం ఎందుకు?

సంచి అనుకోవడంలోనే పొరపాటు మొదలవుతుంది. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పీల్చుకొని, లీటరున్నర అటూ ఇటూగా మూత్రాన్ని కిందికి వదులుతాయి. ఆ వచ్చినది నిలిచే చోటు మూత్రాశయం. దాని గోడలో ఎక్కువ భాగం నునుపు కండరం, దీనికి డెట్రూసర్ అని పేరు. పెద్దవారిలో ఇది 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పట్టుకోగలదు, 150 నుంచి 200 మిల్లీలీటర్లు చేరేసరికి మొదటి కబురు మెదడుకు పంపుతుంది.

మన ప్రాంతం చెరువుల ప్రాంతం కాబట్టి ఆ పోలికే చెబుతాను. చెరువు నిండేకొద్దీ కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, అది నీటి ధర్మం. ఆరోగ్యంగా ఉన్న మూత్రాశయంలో అలా జరగదు. నీరు చేరేకొద్దీ గోడ తానే సాగి చోటిస్తుంది, లోపలి ఒత్తిడి చివరిదాకా తక్కువగానే ఉంటుంది. ఖాళీ చేయడం నిమిషంలోపు పని, మిగిలిన మూడు నాలుగు గంటలూ ఆ కండరం చేసేది ఆగి ఉండటమే. ఆ ఆగడం ఊరికే పడి ఉండటం కాదు. కండరకణాల గోడల్లోని సన్నని ద్వారాలు, నాడుల నుంచీ రక్తం నుంచీ వచ్చే సంకేతాలు కలిసి అనుక్షణం దాన్ని నిలబెడతాయి. ఈ జవాబుల్లో ఎక్కువ భాగం దీని చుట్టూనే తిరుగుతుంది, ఎందుకంటే జనం తెచ్చే ఇబ్బందుల్లో చాలావరకు పిండటంలో వచ్చేవి కావు, ఆగడంలో వచ్చేవి.

ప్రశ్న: అయాన్ మార్గం అంటే ఏమిటి?

అల్లూరు దగ్గర ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లో పండే ఉప్పు నీళ్లలో కరిగితే సోడియం, క్లోరైడు అనే విద్యుదావేశం గల రెండు రకాల కణికలుగా విడిపోతుంది. వీటినే అయాన్లంటారు. మన శరీర ద్రవాల్లో సోడియం, పొటాషియం, కాల్షియం, క్లోరైడు అయాన్లు ముఖ్యమైనవి. ప్రతి కణాన్నీ కప్పి ఉండే కణత్వచం కొవ్వు పొర గనుక అయాన్లు దాన్ని నేరుగా దాటలేవు. అవి దాటడానికి ప్రోటీనుతో చేసిన రంధ్రాలుంటాయి, అవే అయాన్ మార్గాలు. చాలావరకు ఒక్కో మార్గం ఒక్కో అయాన్‌కే దారి ఇస్తుంది. ఎప్పుడూ తెరిచి ఉండదు. విద్యుత్ పీడనం మారినప్పుడో, ఒక రసాయనం వచ్చి అతుక్కున్నప్పుడో, గోడ సాగినప్పుడో తెరుచుకుంటుంది.

ఒకే ఒక్క మార్గం గుండా పారే అతి స్వల్పమైన విద్యుత్తును కొలిచే పద్ధతిని ఎర్విన్ నేహెర్, బెర్ట్ సాక్‌మన్ 1976లో చూపించారు. అందుకు వారికి 1991లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు ముందు ఇలాంటి ద్వారాలు ఉండి తీరాలని లెక్కలు చెప్పేవి, ఆ తర్వాత అవి తెరుచుకొని మూసుకోవడం తెర మీద మెట్లు మెట్లుగా కనిపించింది. మొదటిసారి చూసిన విద్యార్థుల ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

ప్రశ్న: ఈ కండరం బిగుసుకోవడానికి కాల్షియం ఎందుకు కావాలి? పాలు తాగితే మూత్రం ఎక్కువగా వస్తుందా?

రెండో ప్రశ్నకు ముందుగా జవాబు: అలా జరగదు. రక్తంలోని కాల్షియాన్ని పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్ డి చాలా ఇరుకైన హద్దుల్లో ఉంచుతాయి. గ్లాసు పాలకు ఆ హద్దులు కదలవు.

ఇక మొదటిది. కండరకణం బయట ఉన్న స్వేచ్ఛా కాల్షియం, విశ్రాంతిలో ఉన్న కణం లోపలి దానికన్నా దాదాపు 10,000 రెట్లు ఎక్కువ. లోపలి వైపు బయటికన్నా సుమారు 40 నుంచి 50 మిల్లీవోల్టుల మేర రుణ విద్యుదావేశంతో ఉంటుంది. ఈ రెండు కారణాల వల్ల కాల్షియం లోపలికి దూకడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, మార్గం మూసి ఉండటం ఒక్కటే దాన్ని ఆపుతుంది. కణం లోపలి రుణత్వం కొంత తగ్గగానే ‘ఎల్’ రకం కాల్షియం మార్గాలు తెరుచుకుంటాయి. లోపలికి వచ్చిన కాల్షియం, కణం లోపలి గిడ్డంగుల నుంచి విడుదలయ్యే మరికొంత కాల్షియంతో కలిసి, కాల్‌మోడ్యులిన్ అనే ప్రోటీనును పట్టుకుంటుంది. ఆ జంట ఒక ఎంజైమును మేల్కొలుపుతుంది, ఆ ఎంజైము మయోసిన్ తంతువుకు ఫాస్ఫేటును తగిలిస్తుంది, అప్పుడు తంతువులు ఒకదాని మీద ఒకటి జారి కండరం పొట్టిదవుతుంది. తిరిగి వదులు కావాలంటే కాల్షియాన్ని బయటికీ గిడ్డంగుల్లోకీ తోడిపోయాలి, అందుకు శక్తి ఖర్చవుతుంది.

ప్రశ్న: మరి ఆ కండరాన్ని ఆగి ఉండమని చెప్పేదెవరు?

పొటాషియం మార్గాలు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. పొటాషియం కణం లోపల ఎక్కువ, బయట తక్కువ. మార్గం తెరుచుకుంటే ధనావేశాన్ని మోసుకొని బయటికి పోతుంది, లోపలి రుణత్వం పెరుగుతుంది, కాల్షియం మార్గాలు మూసుకునే ఉంటాయి.

వీటిలో పెద్దది బీకే మార్గం, ‘పెద్ద వాహకత గల పొటాషియం మార్గం’ అని అర్థం. దాని చమత్కారం ఏమిటంటే, అది తెరుచుకోవడానికి కాల్షియమే ప్రేరణ. అంటే కండరాన్ని బిగించే కాల్షియమే తనను అడ్డగించే ద్వారాన్ని కూడా తెరుస్తుంది. కుండలో పాలు పొంగబోతుండగా పొయ్యి తనంతట తానే మంట తగ్గించుకున్నట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. ఈ మార్గాన్ని తయారుచేసే జన్యువు లేకుండా పెంచిన ఎలుకల్లో మూత్రాశయం అదుపు తప్పి మాటిమాటికీ సంకోచించింది. ఇదే జన్యువును మూత్రాశయ గోడలోకి ఎక్కించి అతిచురుకుదనాన్ని తగ్గించవచ్చా అని స్త్రీలలో తొలి దశ పరీక్షలు కూడా జరిగాయి.

మరో జాతి పొటాషియం మార్గాలకు కెవి7 అని పేరు. మూర్ఛ వ్యాధికి వాడిన రెటిగాబిన్ అనే మందు మెదడులో ఈ మార్గాలను తెరిచి నాడులను శాంతపరిచేది. అదే మందు మూత్రాశయంలోని ఇవే మార్గాలను కూడా తెరవడంతో కొందరికి మూత్రం వెలువడటమే కష్టమైంది. చర్మం, కంటి రెటీనా రంగు మారడం వంటి ఇతర దుష్ఫలితాలతో దాని వాడకం తగ్గిపోయి, ఆ మందు 2017లో మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. పాఠం చెప్పేటప్పుడు నేను ఈ ఉదాహరణను వదలను, ఎందుకంటే మెదడుకు ఇచ్చిన మందు మూత్రాశయాన్ని ఎలా తాకిందో దీనికన్నా సులువుగా చూపించడం కష్టం.

ప్రశ్న: మూత్రాశయం నిండిందని మెదడుకు ఎలా తెలుస్తుంది?

గోడ సాగడాన్ని గుర్తించే మార్గాలు ఉన్నాయి. పీజో అనే జాతి మార్గాలను ఆర్డెమ్ పటాపూటియన్ బృందం 2010లో కనిపెట్టింది, 2021లో ఆయనకూ డేవిడ్ జూలియస్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. పీజో2 మార్గం పుట్టుకతోనే పనిచేయని మనుషులు కొద్దిమంది ఉన్నారు. 2020లో వెలువడిన పరిశోధన ప్రకారం వారికి మూత్రాశయం నిండిన భావన సరిగా తెలియదు, అందుచేత కొందరు గడియారం చూసి, వేళ పెట్టుకొని వెళుతుంటారు. మనకు ఎంతో సహజంగా తెలిసేది ఒక ప్రోటీను మీద ఇంతగా ఆధారపడి ఉంది.

లోపలి పూతగా ఉండే కణాల పొర కూడా ఊరికే ఉండదు. అది సాగినప్పుడు ఏటీపీ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది, ఆ ఏటీపీ పక్కనున్న నాడి కొసల మీది గ్రాహకాలను, అంటే రసాయన కబురును అందుకునే ప్రోటీన్లను, తట్టుతుంది. ఏటీపీ అనగానే శరీరంలో శక్తికి నాణెం వంటిదని పాఠశాలలో చదివి ఉంటారు. 1929లో దాన్ని వేరుచేసినవారిలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసిన మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు, అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుచేశారు. ఆ శక్తి నాణెమే నాడుల మధ్య కబురు మోసే దూత కూడా అని జెఫ్రీ బర్న్‌స్టాక్ 1972లో ప్రతిపాదించినప్పుడు నమ్మినవారు తక్కువ. ఆయన చెప్పినదానికి మూత్రాశయం మంచి సాక్ష్యంగా నిలిచింది.

ప్రశ్న: నాడులు నడిపిస్తాయా, హార్మోన్లు నడిపిస్తాయా?

క్షణాల్లో జరగవలసినది నాడుల పని, గంటలు, నెలలు, ఏళ్ల మీద జరిగేది హార్మోన్ల పని. తూమును తెరిచేది నాడి. చెరువులోకి ఎంత నీరు రావాలో, కట్ట మట్టి ఎంత గట్టిగా ఉండాలో చూసేవి హార్మోన్లు.

నిల్వ ఉంచే సమయంలో నడుము పైభాగం నుంచి వచ్చే సహానుభూత (సింపథెటిక్) నాడులు నారడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. అది కండరం మీది బీటా-3 గ్రాహకాలను తాకి గోడను వదులు చేస్తుంది, మూత్రాశయపు మెడ భాగంలోని ఆల్ఫా-1 గ్రాహకాలను తాకి మూత్రం బయటికి పోయే ద్వారాన్ని బిగిస్తుంది. ఖాళీ చేసే సమయంలో త్రికాస్థి, అంటే వెన్ను అడుగు ఎముక, ప్రాంతం నుంచి వచ్చే పరసహానుభూత (పారాసింపథెటిక్) నాడులు ఎసిటైల్‌కోలిన్‌ను వదులుతాయి, అది ఎం-3 గ్రాహకాల ద్వారా కండరాన్ని పిండుతుంది. ఎప్పుడు ఏది అనే నిర్ణయం మెదడుది.

అడ్రినల్ గ్రంథి వదిలే అడ్రినలిన్ హార్మోను కూడా ఈ ఆల్ఫా, బీటా గ్రాహకాల మీదే పనిచేస్తుంది. పరీక్ష హాలు బయట పిల్లలు వరుసగా ఒంటికి పోవడానికి మాత్రం కారణం కండరంలో లేదు. ఆందోళనలో మెదడు పైభాగాల అదుపు సడలి, కొద్దిపాటి నిండుదనం కూడా పెద్ద కబురుగా వినిపిస్తుంది.

ప్రశ్న: “ఏంది సార్, రాత్రి నాలుగు సార్లు లేపుతుంది. పగలు ఏమీ ఉండదు.” అరవై దాటినవారికి ఇలా ఎందుకవుతుంది?

ఇది అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ప్రశ్న, జవాబు కూడా ఒకటి కాదు. హైపోథలమస్‌లో తయారై పీయూష గ్రంథి నుంచి విడుదలయ్యే వాసోప్రెసిన్ మూత్రపిండాల్లో నీటిని వెనక్కి పట్టుకునే హార్మోను. రక్తం సాంద్రత నూటికి ఒకటి రెండు పాళ్లు పెరిగినా ఇది విడుదలవుతుంది. మూత్రపిండ నాళికల కణాల్లో దాచి ఉంచిన ఆక్వాపోరిన్-2 అనే నీటి మార్గాలను ఇది కణత్వచానికి తెప్పిస్తుంది, వాటి గుండా నీరు తిరిగి రక్తంలో చేరుతుంది. నీటి మార్గాలను కనిపెట్టిన పీటర్ ఆగ్రేకూ, పొటాషియం మార్గం ఆకృతిని తేల్చిన రోడెరిక్ మెకిన్నన్‌కూ 2003 రసాయనశాస్త్ర నోబెల్‌ను కలిపి ఇచ్చారన్నది ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగిన సంగతి.

యువకుల్లో రాత్రిపూట వాసోప్రెసిన్ పెరిగి మూత్రం తగ్గుతుంది. వయసు మళ్లినకొద్దీ చాలామందిలో ఆ పెరుగుదల మందగిస్తుంది. దీనికి తోడు పగలంతా కాళ్లలో దిగిన నీరు రాత్రి పడుకోగానే తిరిగి రక్తంలోకి వస్తుంది, గుండె గదులు సాగి నేట్రియూరెటిక్ పెప్టైడు అనే మరో హార్మోనును వదులుతాయి, అది ఉప్పునూ దానితో నీటినీ మూత్రంలోకి తోస్తుంది. గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవారిలోనూ ఈ హార్మోనే పెరుగుతుంది. అలాంటివారి మూత్రాశయానికి మందు వేసి లాభముండదు.

ఉప్పు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. జపాన్‌లో నాగసాకి పరిశోధకులు 2017లో వెల్లడించిన ఫలితాల్లో రోజువారీ ఉప్పును సుమారు 10.7 గ్రాముల నుంచి 8 గ్రాములకు తగ్గించుకున్నవారు రాత్రి లేవడం సగటున 2.3 సార్ల నుంచి 1.4కు తగ్గింది. రాత్రి అన్నంలోకి ఎండుచేపల వేపుడు, పైన ఊరగాయ, చివర్లో ఉప్పు వేసిన మజ్జిగ, ఇదీ మన వైపు చాలా ఇళ్లలో భోజనం. మాత్ర అడిగేముందు ఈ కంచాన్ని చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, ఇంకా పక్క తడుపుతున్నాడు. హార్మోను లోపమా?

అయిదేళ్ల పిల్లల్లో నూటికి 15 మంది దాకా పక్క తడుపుతారు, ఏటేటా వారిలో కొంతమందికి తనంతట తానే తగ్గిపోతుంది. కొందరిలో రాత్రిపూట వాసోప్రెసిన్ చాలినంత పెరగదు, కొందరిలో మూత్రాశయం తక్కువ పరిమాణానికే సంకోచిస్తుంది, చాలామందిలో నిండిన కబురు నిద్రను చీల్చుకొని పైకి రాదు. మలబద్ధకం ఉంటే దాన్ని ముందు సరిచేయాలి. వాసోప్రెసిన్‌కు డెస్మోప్రెసిన్ అనే కృత్రిమ రూపాన్ని వైద్యులు కొందరికి ఇస్తారు. అది వేసుకున్న రాత్రి నీళ్లు ఎక్కువగా తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోతుంది, కాబట్టి పక్కింటివారి పిల్లవాడికి పనిచేసిందని తెచ్చి వేయరాదు. కొట్టడం, పదిమందిలో చెప్పడం వల్ల హార్మోను పెరగదు.

ప్రశ్న: ముట్లుడిగాక, లేదా గర్భసంచి తీయించుకున్నాక, దగ్గితే చుక్కలు పడుతున్నాయి, ఆపుకోలేకపోతున్నాను. రెండింటికీ సంబంధం ఉందా?

ఉంది. మూత్రం బయటికి వచ్చే నాళమైన ప్రసేకం, మూత్రాశయం అడుగు భాగం, యోని, ఇవి పిండదశలో ఇరుగుపొరుగుగా ఏర్పడతాయి, మూడింట్లోనూ ఈస్ట్రోజెన్ గ్రాహకాలుంటాయి. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం ప్రసేకం లోపలి పూత మందంగా, రక్తప్రసరణతో మెత్తగా ఉండి తనను తాను అంటుకొని మూసుకుంటుంది. ఆ హార్మోను తగ్గాక పూత పలచబడుతుంది, యోనిలో మేలు చేసే లాక్టోబాసిల్లై అనే సూక్ష్మజీవులు తగ్గి ఆమ్లత పోతుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ప్రయోగశాలలో ఈస్ట్రోజెన్ రూపమైన ఎస్ట్రడయోల్ నునుపు కండరకణాల బీకే మార్గాలను తెరిచి కండరాన్ని శాంతపరచడం కూడా గమనించారు.

గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందు వరుసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపించాయి. మన పల్లెల్లో ముప్పై అయిదేళ్లకే ఆ ఆపరేషన్ అయిన అమ్మలు కనిపించడం మామూలే. గర్భసంచితో పాటు అండాశయాలనూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఆపరేషన్ కాగితాలలో అండాశయాలు ఉంచారా తీశారా అన్నది చూడమని నేను ప్రతివారికీ చెబుతాను, చాలామందికి ఆ సంగతే తెలియదు.

చికిత్స విషయంలో ఒక విచిత్రం ఉంది. యోనిలో రాసే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము అత్యవసర భావనకూ పదే పదే వచ్చే ఇన్‌ఫెక్షన్లకూ మేలు చేస్తుంది. నోటి ద్వారా తీసుకునే హార్మోను మాత్రలు మాత్రం, అమెరికాలో వేలాది స్త్రీలపై జరిగిన పెద్ద పరిశోధన 2005లో చూపినట్టు, మూత్రం జారిపోవడాన్ని పెంచాయి. ఒకే హార్మోను చేరే దారిని బట్టి ఫలితం తారుమారైంది. దగ్గినప్పుడు చుక్కలు పడటానికి, మూత్రాన్ని బిగబట్టే కటి కండరాల వ్యాయామం మొదటి మందు.

ప్రశ్న: గర్భిణికి మాటిమాటికీ వస్తుందెందుకు?

తొలి నెలల్లోనే మూత్రపిండాల వడపోత దాదాపు సగం పెరుగుతుంది. ప్రొజెస్టెరోన్ హార్మోను నునుపు కండరాలను సడలిస్తుంది, అందువల్ల మూత్రపిండం నుంచి దిగే నాళాలు వెడల్పై మూత్రం కొంత నిలుస్తుంది, ఇన్‌ఫెక్షన్‌కు అది అనువు. చివరి నెలల్లో బిడ్డ తల నేరుగా మూత్రాశయం మీద ఆనుతుంది. మంట, జ్వరం ఉంటే ఆలస్యం చేయరాదు.

ప్రశ్న: మగవారిలో ప్రోస్టేట్ పెరిగితే మూత్రాశయ కండరం ఎందుకు పాడవుతుంది?

ప్రోస్టేట్ మూత్రాశయం కింద ప్రసేకాన్ని చుట్టి ఉండే గ్రంథి. మగ హార్మోనైన టెస్టోస్టెరోన్ ప్రోస్టేట్‌లో మరింత బలమైన డైహైడ్రోటెస్టోస్టెరోన్‌గా మారి ఆ గ్రంథిని ఏళ్ల తరబడి పెంచుతుంది. దారి ఇరుకైనప్పుడు కండరం మరింత గట్టిగా పిండవలసి వస్తుంది, గోడ దళసరి అవుతుంది, రక్తప్రసరణ చాలక కొన్ని నాడి కొసలు చచ్చిపోతాయి. ఆరోగ్యవంతుడి కండరం దాదాపు పూర్తిగా ఎసిటైల్‌కోలిన్ మాటే వింటుంది. అడ్డు ఉన్న కండరంలో ఏటీపీ వాటా పెరుగుతుంది, కణాలు తమంతట తామే సంకోచించే గుణం పొందుతాయి. అందుకే ధార సన్నగా ఉన్నవారికే ఆపుకోలేనితనం కూడా ఉంటుంది. టామ్సులోసిన్ ఆల్ఫా-1 గ్రాహకాలను అడ్డుకొని ద్వారాన్ని వదులు చేస్తుంది, ఫినాస్టెరైడ్ హార్మోను మార్పును అడ్డుకొని గ్రంథిని నెలల మీద తగ్గిస్తుంది.

ఒక హెచ్చరిక. వానాకాలంలో జలుబు చేసిందని మెడికల్ షాపులో తెచ్చుకునే మాత్రల్లో తరచుగా రెండు రకాల మందులుంటాయి. ముక్కు దిబ్బడ తగ్గించేది ఆల్ఫా గ్రాహకాలను ప్రేరేపించి ద్వారాన్ని బిగిస్తుంది, క్లోర్‌ఫెనిరమిన్ వంటిది ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకొని కండరాన్ని చల్లబరుస్తుంది. ప్రోస్టేట్ పెరిగిన పెద్దాయన ఈ రెండూ కలిసిన మాత్ర వేసుకొని రాత్రికి ఒక్క చుక్క కూడా రాక ఆసుపత్రికి చేరడం అరుదైన సంగతి కాదు.

ప్రశ్న: షుగర్ ఉన్నవారికి ఎక్కువసార్లు రావడం కండరం లోపమా?

మొదట్లో కాదు. ఇన్సులిన్ చాలక రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రంలోకి పొర్లుతుంది, తనతో నీటిని లాక్కుపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు కావాలనే చక్కెరను మూత్రంలోకి పంపుతాయి గనుక వాటితోనూ కొంత పెరుగుతుంది. ఏళ్లు గడిచాక చక్కెర జబ్బు నాడులను దెబ్బతీస్తే కథ తిరగబడుతుంది. నిండిన సంగతి తెలియదు, ఎనిమిది గంటలైనా వెళ్లాలనిపించదు, వెళ్లినా సగం లోపలే మిగులుతుంది. ‘ఇప్పుడు తక్కువసార్లు వెళుతున్నాను, షుగర్ తగ్గినట్టుంది’ అని సంతోషించినవారిని చూశాను. స్కానింగులో మిగులు మూత్రం కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ప్రశ్న: బీపీ మాత్రలు కూడా కాల్షియం మార్గాలను మూస్తాయంటారు. అవి వేసుకుంటే మూత్రాశయం కూడా శాంతిస్తుందా?

తెలివైన ప్రశ్న. అమ్లోడిపిన్, నిఫెడిపిన్ అడ్డుకునేది పైన చెప్పిన ‘ఎల్’ రకం కాల్షియం మార్గాలనే. గాజు పాత్రలో వేలాడదీసిన కండరపు ముక్క మీద ఇవి బాగా పనిచేస్తాయి. మనిషిలో మాత్రం రక్తనాళాలు వీటికి ముందుగా లొంగుతాయి. మూత్రాశయం లొంగేంత మోతాదు ఇస్తే బీపీ పడిపోతుంది. పైగా అమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, ఆ వాపు నీరు రాత్రి తిరిగి వచ్చి నిద్ర లేపుతుంది. ఇలా అనిపిస్తే మాత్ర మానేయకుండా, రాసిన డాక్టరుతోనే మాట్లాడాలి.

ప్రశ్న: కారం, టీ మానేయాలా?

మిరపలోని కాప్సైసిన్ టీఆర్‌పీవీ1 అనే మార్గాన్ని తెరుస్తుంది. నాలుక మీద మంటగా తెలిసేది అదే, దాన్ని కనిపెట్టినందుకే జూలియస్‌కు నోబెల్ వచ్చింది. మూత్రాశయంలోని నొప్పి నాడుల మీద కూడా ఈ మార్గం ఉంది. వెన్నుపాము జబ్బుల వల్ల అదుపు తప్పిన మూత్రాశయంలోకి కాప్సైసిన్ ద్రావణాన్ని నేరుగా నింపి, ఆ నాడులను అలసిపోయేలా చేసిన చికిత్సా ప్రయోగాలున్నాయి. తిన్న కారం సంగతి వేరు. మూత్రాశయంలో నొప్పి జబ్బున్న కొందరికి కారం తిన్నాక బాధ పెరుగుతుంది, మిగిలినవారికి తేడా ఉండదు. రెండు వారాలు తగ్గించి చూసి, తేడా లేకపోతే చేపల పులుసును చప్పగా చేసుకోవలసిన పనిలేదు.

కెఫీన్ కండరకణాల గిడ్డంగుల నుంచి కాల్షియాన్ని విడుదల చేస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. ప్రయోగశాలలో వాడే ఆ గాఢత టీ తాగితే రక్తంలో రాదు. అయినా కెఫీన్ మూత్రాన్ని కొంత పెంచుతుంది, ఆత్రాన్ని పెంచుతుంది. సాయంత్రం తర్వాతి టీని మానితే చాలామందికి ఫలితం కనిపిస్తుంది.

ప్రశ్న: నాట్లకు, మిరపకాయ కోతలకు వెళ్లే ఆడవాళ్లు సాయంత్రం దాకా ఆపుకుంటారు. దానివల్ల నష్టమా?

చాటు లేక, పొద్దున్నుంచి నీళ్లు తాగడమే మానేసి పనిచేసే అలవాటు మన రెండు జిల్లాల్లోనూ ఉంది. రోహిణి కార్తె ఎండలో ఇలా చేస్తే వాసోప్రెసిన్ తన శక్తికొద్దీ నీటిని వెనక్కి పట్టుకుంటుంది, మూత్రం చిక్కబడి ముదురు పసుపుగా వస్తుంది, రాళ్లకూ ఇన్‌ఫెక్షన్లకూ దారి తీస్తుంది. ఎప్పుడో ఒకసారి ఆపుకోవడం వల్ల నష్టం లేదు. ఏళ్ల తరబడి రోజూ అతిగా సాగదీస్తే కండర తంతువులు బలహీనపడి పూర్తిగా ఖాళీ చేయలేని స్థితి రావచ్చు. దీనికి జవాబు శరీరధర్మశాస్త్రంలో లేదు, పొలం గట్టున ఒక తడిక మరుగు కట్టడంలో ఉంది. కూలికి పిలిచే రైతులు దాన్ని తమ బాధ్యతగా తీసుకోవాలి.

ప్రశ్న: ఫ్లోరైడు నీళ్లకూ దీనికీ సంబంధం ఉందా?

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, భారతదేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు ఎక్కువై వచ్చే జబ్బు, గురించిన తొలి వైద్య నివేదిక ఈ జిల్లా నుంచి వెలువడింది. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఫ్లోరైడు నేరుగా మూత్రాశయ కండరాన్ని చెడగొడుతుందని చెప్పలేము గాని, ముదిరిన ఎముకల ఫ్లోరోసిస్‌లో వెన్నుపూసలు, వాటి మధ్య స్నాయువులు గట్టిపడి వెన్నుపామును నొక్కుతాయి. అప్పుడు మెదడు నుంచి మూత్రాశయానికి పోయే తీగ తెగినట్టవుతుంది. కండరం, ద్వారం ఒకదానితో ఒకటి సమన్వయం తప్పి ఏకకాలంలో బిగుసుకుంటాయి. కాళ్లు బిగుసుకొని నడక మారిన మనిషికి మూత్రం ఇబ్బంది కూడా తోడైతే మోకాళ్ల నొప్పులనుకోకుండా నాడీ వైద్యుణ్ని కలవాలి.

ప్రశ్న: వాయుగుండం పట్టి ముసురు కమ్మినప్పుడు ఎక్కువసార్లు వస్తుంది, నిజమేనా?

నిజమే. చెమట తగ్గుతుంది, చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకొని రక్తం లోపలి భాగాలకు చేరుతుంది, శరీరం దాన్ని ఎక్కువ నీరుగా భావించి వాసోప్రెసిన్‌ను తగ్గిస్తుంది. జబ్బు కాదు.

ప్రశ్న: అతిచురుకు మూత్రాశయానికి ఇచ్చే మాత్రలు ఎలా పనిచేస్తాయి?

ముఖ్యంగా రెండు తెగలు. ఆక్సిబ్యుటినిన్, టోల్టెరోడిన్, సాలిఫెనాసిన్ వంటివి ఎం-3 గ్రాహకాలను మూసి పిండే కబురును అడ్డుకుంటాయి. నోరు ఎండటం, మలబద్ధకం తెస్తాయి, వృద్ధుల్లో మతిమరుపును పెంచగలవు. మిరాబెగ్రాన్ రెండో తెగ. 2011లో జపాన్‌లో, 2012లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. ఇది బీటా-3 గ్రాహకాన్ని ప్రేరేపించి, కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత రసాయనాన్ని పెంచి, కొంతవరకు బీకే మార్గాల ద్వారానే కండరాన్ని వదులు చేస్తుంది. బీపీ బాగా ఎక్కువగా, అదుపు లేకుండా ఉన్నవారికి ఇవ్వరు. రెండూ పనిచేయకపోతే మూత్రాశయ గోడలోకి బొటులినమ్ టాక్సిన్ సూదిమందు ఇస్తారు. అది నాడి కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ విడుదల కాకుండా చేస్తుంది, ప్రభావం కొన్ని నెలలుంటుంది.

ప్రశ్న: డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

మూడు రోజుల లెక్క. ఒక పాత కొలత గ్లాసు, ఒక నోటు పుస్తకం చాలు. ఏ వేళకు ఎన్ని మిల్లీలీటర్లు వెళ్లారో, ఎంత తాగారో, ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు ఆపుకోలేకపోయారో రాయాలి. ప్రతిసారీ 100 మిల్లీలీటర్లే వస్తుంటే చూపు మూత్రాశయం మీద పడాలి. రాత్రి ప్రతిసారీ 350 వస్తుంటే అది హార్మోన్ల, కాళ్ల వాపు, ఉప్పు, నిద్ర జబ్బుల వైపు చూపిస్తుంది. వేసుకునే మాత్రల పేర్లన్నీ, జలుబు మాత్రతో సహా, చివరి పేజీలో రాసుకోవాలి. మూత్రంలో రక్తం కనిపించినా, అసలు రాకుండా పొట్ట ఉబ్బినా, జ్వరంతో నడుము నొప్పి వచ్చినా, కాళ్లలో హఠాత్తుగా బలం తగ్గినా మూడు రోజులు ఆగవద్దు, పుస్తకం లేకుండానే ఆ పూటే వెళ్లాలి.